61 వరుసల పట్టిక కోసం ఏడు నెలలు

మా మేనమామ రైసు మిల్లు ఒడిశాలోని గుణుపురంలో ఉంది. ఆఫీసు గది మీద, పక్కనున్న గోదాము మీద కలిపి ఎనభై సోలార్ ప్యానెళ్లు. 2012లో పెట్టించినవి. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే నీలి గళ్ల సిలికాన్ రకం కాదు. ఒక్కొక్కటి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న నల్లటి గాజు పలక. దగ్గరగా వంగి చూస్తే గాజు లోపల వెంట్రుకంత సన్నటి గీతలు వరుసగా కనిపిస్తాయి. వీటిని థిన్ ఫిల్మ్ ప్యానెళ్లు అంటారు. గాజు మీద వెలుగును కరెంటుగా మార్చే పదార్థాన్ని పలుచని పొరగా పరుస్తారు. మా మిల్లులో ఆ పదార్థం కాడ్మియం టెల్యురైడ్.

మామయ్య లెక్కల మనిషి. ప్యానెళ్ల పక్కనే ఎండను కొలిచే చిన్న సిలికాన్ సెన్సర్ పెట్టించి, రోజూ ఎండ ఎంత కాసింది, కరెంటు ఎంత వచ్చింది అని గుమాస్తా చేత రిజిస్టరులో రాయిస్తాడు. ఒక జూన్ ఆదివారం నన్ను పిలిచి మూడేళ్ల రిజిస్టర్లు ముందు పెట్టాడు. "వానాకాలంలో సెన్సర్ చూపించిన ఎండకు రావలసినదానికంటే ఎక్కువ ఇస్తున్నాయి. సంక్రాంతి రోజుల్లో ఎండ ఫెళ్లున కాస్తుంటే తక్కువ ఇస్తున్నాయి. ప్యానెళ్లు ముసలివైపోయాయా, లేకపోతే ఎండే వేరుగా ఉందా? నువ్వు ఫిజిక్సు చెబుతావు కదా, తేల్చు" అన్నాడు.

ఎండే వేరుగా ఉందా అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. ఆయనకు తెలియకుండానే అసలు చోటనే వేలు పెట్టాడు. ఎండ అన్ని వేళలా ఒకే రంగుల కలయిక కాదు. పొద్దువాలే వేళకు నీలం తగ్గి ఎరుపు, దానికి అవతల కంటికి కనిపించని పరారుణం పాలు పెరుగుతాయి. వానాకాలంలో గాలిలోని నీటి ఆవిరి పరారుణంలో కొంత భాగాన్ని మింగేస్తుంది. కాంతి రంగును దాని తరంగదైర్ఘ్యంతో, నానోమీటర్లలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ నీలం నుంచి ఎరుపు, పరారుణం వైపు వెళ్తాం. సిలికాన్ సెన్సర్ దాదాపు 1100 నానోమీటర్ల దాకా ఉన్న కాంతిని చూస్తుంది. మా పాత కాడ్మియం టెల్యురైడ్ ప్యానెల్ చూపు 850 దగ్గరే ఆగిపోతుంది. నీటి ఆవిరి బలంగా మింగే 940 నానోమీటర్ల పట్టీ ఈ రెండింటి మధ్యలో పడింది. ఆ పట్టీలో కాంతి తగ్గితే సెన్సర్ రీడింగు తగ్గుతుంది, ప్యానెల్‌కు మాత్రం ఏమీ తెలియదు. అంటే ఒకే ఆకాశం కింద పక్కపక్కనే ఉన్న ఆ రెండూ చూస్తున్నది ఒకే ఎండను కాదు.

ఇంతవరకు ఊహ. దాన్ని అంకెల్లో పెట్టాలంటే ప్యానెల్ స్పెక్ట్రల్ రెస్పాన్స్ కావాలి. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఒక వాట్ కాంతికి ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చెప్పే పట్టిక అది. 300 నుంచి 900 నానోమీటర్ల దాకా పదేసి చొప్పున రాసుకుంటే 61 వరుసలు. ఒక పూటలో దొరుకుతుందనుకున్నాను. జూలైలో మొదలుపెడితే జనవరి దాటింది.

మొదట డేటాషీట్ చూశాను. అందులో వాట్లు, వోల్టులు, ఆంపియర్లు, ఉష్ణోగ్రత గుణకాలు, గాజు మందం, చివరికి బరువు కూడా ఉన్నాయి. రంగుల స్పందన లేదు. ఆ తర్వాత వేరే కంపెనీల థిన్ ఫిల్మ్ డేటాషీట్లు ఇరవై దాకా చూశాను, వాటిలోనూ ఇదే పరిస్థితి. ఉన్న ఒకటి రెండింటిలో అగ్గిపెట్టెంత గ్రాఫు, నిలువు గీత మీద అంకెలు కూడా లేకుండా. తయారీదారుకు రాశాను. ఆ మోడల్ ఇప్పుడు చేయడం లేదనీ, అటువంటి వివరాలు బయటివారికి ఇవ్వరనీ మర్యాదగా జవాబు వచ్చింది. కొంత బాధ కలిగినా కారణం అర్థమయింది. ఆ వక్రరేఖను తెలిసినవారు చదివితే లోపలి పొరలు ఏమిటో, ఎంత మందమో చాలావరకు చెప్పేయగలరు. వంటవాడు మసాలా పాళ్లు బయటపెట్టడు కదా.

కొలిపించడం ఇంకో దారి. గురుగ్రామ్ దగ్గర గ్వాల్‌పహాడీలో జాతీయ సౌరశక్తి సంస్థ ఉంది, ముంబయి ఐఐటీలో ఫోటోవోల్టాయిక్ పరిశోధన కేంద్రం ఉంది. కానీ పన్నెండేళ్లు దాటిన గాజు పలకను గుణుపురం నుంచి అంత దూరం పంపించి కొలిపించే స్తోమత ఈ ప్రశ్నకు లేదని మామయ్య ముందే చెప్పాడు. పైగా పూర్తి ప్యానెల్ మీద ఈ కొలత చిన్న పని కాదు. లోపల నూటికి పైగా సెల్స్ ఒకదాని వెనుక ఒకటి గొలుసులా ఉంటాయి. గొలుసు మొత్తంలో కరెంటును బలహీనమైన సెల్ నిర్ణయిస్తుంది. అందుకని మిగతా సెల్స్‌ను గట్టి వెలుగులో తడిపి ఉంచి, కొలవవలసిన సెల్ ఒక్కదాని మీద ఒక్కో రంగు కాంతిని ప్రసరింపజేయాలి. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ ఇచ్చిన 60904-8 ప్రమాణం ఈ కొలత గురించినదే. అది చదివాక, మల్టీమీటరుతో ఇంట్లో చేసే పని కాదని ఆశ వదులుకున్నాను.

మిగిలింది పరిశోధన పత్రాలు. ఇక్కడే రెండు నెలలు పోయాయి, ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే.

సోలార్ సెల్ సామర్థ్య పట్టికలని ఒక వరుస ఉంది. మార్టిన్ గ్రీన్, ఆయన సహచరులు 1993 నుంచి ఏటా రెండుసార్లు ఒక పరిశోధన పత్రికలో ప్రచురిస్తున్నారు. రికార్డు సాధించిన సెల్స్ వివరాలతో పాటు వాటి క్వాంటం ఎఫిషియెన్సీ వక్రరేఖలు, అంటే ఒక్కో రంగు దగ్గర పడిన కాంతి కణాల్లో ఎంత వంతు కరెంటుగా మారిందో చూపే గీతలు కూడా అందులో వస్తాయి. కాడ్మియం టెల్యురైడ్ అని ఉన్న అందమైన గీత కనిపించగానే పని అయిపోయిందనుకున్నాను. రెండు రోజులు దాన్నే వాడాను కూడా. అయితే ఆ గీత 850 దాటి 900 వైపు సాగుతోంది, నీలం వైపు కూడా నిండుగా ఉంది. మా ప్యానెల్ అలా ఉండడానికి వీల్లేదు. పాత తరం ప్యానెళ్లలో వెలుగు లోపలికి వచ్చే దారిలో కాడ్మియం సల్ఫైడ్ పొర ఉంటుంది. అది 510 నానోమీటర్ల కంటే పొట్టి కాంతిని, అంటే నీలాన్నీ ఊదానూ తానే మింగి వృథా చేస్తుంది. తర్వాతి తరంలో ఆ పొరను తీసేశారు, లోపల సెలీనియం కలిపి ఎరుపు వైపు చూపు పెంచారు. 2001లో అమెరికాలోని పునరుత్పాదక శక్తి ప్రయోగశాల ఎన్ఆర్ఈఎల్‌లో 16.5 శాతం సామర్థ్యం రికార్డు అయితే, ఇప్పుడు 22 శాతం దాటింది. ఆ పెరుగుదలలో పెద్ద భాగం ఈ రెండు చివరల్లో సంపాదించినదే. పదార్థం పేరు ఒకటే, వక్రరేఖ మాత్రం వేరు. కొత్త సెల్ గీతను పాత ప్యానెల్‌కు అంటగడితే, నేను వెతుకుతున్న తేడా సరిగ్గా ఆ రెండు చివరల్లోనే తప్పుగా వస్తుంది.

వేరే రకం థిన్ ఫిల్మ్ ఉన్నవారికి ఇంకా జాగ్రత్త కావాలి. అమార్ఫస్ సిలికాన్ (స్ఫటికంగా లేని సిలికాన్) అయితే కొత్తలో కొలిచిన డేటాకూ, ఎండలో నిలకడకు వచ్చాక కొలిచినదానికీ తేడా ఉంటుంది. వెలుగు తగిలేకొద్దీ అది కొంత బలం కోల్పోతుందని 1977లో స్టేబ్లర్, రాన్‌స్కీ గమనించారు, ఆ ప్రభావానికి వారి పేరే ఉంది. రెండు పొరల టాండెం రకం అయితే పై పొరకు ఒక గీత, కింది పొరకు ఒక గీత విడివిడిగా కావాలి. రాగి, ఇండియం, గాలియం, సెలీనియం కలిసిన సీఐజీఎస్ రకంలో గాలియం పాలు మారితే చూపు ఆగే చోటే జరుగుతుంది, కాబట్టి 'సీఐజీఎస్ వక్రరేఖ' అని ఒకటి ఉండదు, ఒక్కో తయారీదారుకు ఒక్కో గీత. పైగా ప్రయోగశాలలో సీఐజీఎస్ సెల్‌ను గాజు కప్పకుండా, మెరుపు తగ్గించే పూత వేసి కొలుస్తారు. మన కప్పు మీది ప్యానెల్‌లో సెల్ పైన గాజు, దాని కింద అంటించే ప్లాస్టిక్ పొర ఉంటాయి. అవి అతినీలలోహితాన్ని చాలావరకు ఆపేస్తాయి. కాడ్మియం టెల్యురైడ్‌లో ఈ చిక్కు తక్కువ, దాన్ని గాజు మీదనే పెంచుతారు కనుక గాజు గుండానే కొలుస్తారు.

చివరికి మా ప్యానెల్ కాలానికి, పొరల అమరికకు సరిపోయే ఒక పాత పత్రం దొరికింది. 500 దగ్గర మెట్టు దిగినట్టు ఒక పల్లం, 600 నుంచి 800 దాకా చదునైన దిబ్బ, ఆ తర్వాత నిటారుగా లోయ. చూడగానే ఇదే అనిపించింది. అనిపించగానే నమ్మకూడదని అప్పటికి తెలిసింది కనుక నిలువు గీత పక్కన ఏం రాసి ఉందో మూడుసార్లు చదివాను. అదే పత్రంలో పక్కపక్కనే రెండు గ్రాఫులు ఉన్నాయి, ఒకటి ఇంటర్నల్, ఒకటి ఎక్స్‌టర్నల్. ఇంటర్నల్ అంటే గాజు మీద తిరిగిపోయిన వెలుగును లెక్కలోంచి తీసేసినది. మనకు కావలసింది ఎక్స్‌టర్నల్. కప్పు మీద పడిన ఎండలో తిరిగిపోయేది కూడా పడిన ఎండే.

గ్రాఫును అంకెలుగా మార్చడానికి వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ అనే ఉచిత సాధనం వాడాను. అడ్డగీత మీద రెండు తెలిసిన బిందువులు, నిలువు గీత మీద రెండు చూపించి, వక్రరేఖ మీద క్లిక్ చేసుకుంటూ పోతే అంకెలు వస్తాయి. వాటినే కళ్లు మూసుకుని తీసుకోవడానికి మనసొప్పలేదు. ఆ పేజీని బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పెద్దది చేయించి, స్కేలు, సన్న మొన పెన్సిలు పెట్టి కూర్చున్నాను. చదును దిబ్బ మీద రెండు పద్ధతులకూ తేడాయే లేదు. 840 దగ్గర లోయలోకి దిగే చోట మాత్రం, పెద్దది చేశాక గీత మందమే అడ్డగీత కొలతలో 5 నానోమీటర్లంత ఉంది. గీతకు ఎడమ అంచు చదివితే ఒక విలువ, కుడి అంచు చదివితే మరొకటి. గీత నడిమి భాగమే చదవాలని నియమం పెట్టుకుని ఆ ముక్కను మళ్లీ చేశాను. నిటారుగా దిగే చోట బిందువులు దగ్గరదగ్గరగా తీసుకోవాలి, చదునులో దూరంగా ఉన్నా ఫరవాలేదు.

క్వాంటం ఎఫిషియెన్సీని స్పెక్ట్రల్ రెస్పాన్స్‌గా మార్చడం తేలిక. తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో తీసుకుని 1240తో భాగించి ఎఫిషియెన్సీతో గుణిస్తే చాలు. 620 దగ్గర ఎఫిషియెన్సీ 0.80 ఉంటే వాట్‌కు 0.40 ఆంపియర్. ఈ మార్పు చేశారో లేదో చెప్పకుండా కొందరు పట్టికలు పంచుతారు. గీత ఆకారం చూస్తే తెలిసిపోతుంది. చదునుగా ఉంటే ఎఫిషియెన్సీ, కుడివైపు ఏటవాలుగా ఎక్కుతుంటే రెస్పాన్స్.

ఇక ఈ పట్టిక మా ప్యానెల్‌దేనని నమ్మడం ఎలా? దీనికి కప్పు మీదే ఒక పరీక్ష దొరికింది, నాకు ఈ పని మొత్తంలో అన్నిటికంటే సంతోషం కలిగించింది అదే. ఒక ప్యానెల్ దగ్గర కూర్చుని గాజులోని గీతలను గోటితో ఒక్కొక్కటే దాటుకుంటూ లెక్కపెట్టాను. రెండు గీతల మధ్య ఒక సెల్ చొప్పున 116 సెల్స్. ఒక్కోటి సెంటీమీటరు వెడల్పు, 58 సెంటీమీటర్ల పొడవు. వెనుక లేబుల్ మీద షార్ట్ సర్క్యూట్ కరెంటు, అంటే రెండు కొనలనూ నేరుగా కలిపితే పారే కరెంటు, 1.2 ఆంపియర్లు. గొలుసులో కరెంటు అన్నిచోట్లా ఒకటే కనుక, 58 చదరపు సెంటీమీటర్లకు 1.2 ఆంపియర్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 20.7 మిల్లీ ఆంపియర్లు. గీతలు కోసిన చోట కరెంటు పుట్టదు. ఆ పోయే జాగాను నూటికి నాలుగుగా తీసుకుంటే 21.6 అవుతుంది. ఇప్పుడు నా పట్టికను ప్రామాణిక సూర్యకాంతి ఏఎం 1.5 పట్టికతో గుణించి కూడితే దాదాపు ఇదే రావాలి.

మొదటిసారి 22.8 వచ్చింది. ఎక్కువే అనిపించింది. కారణం రెండు రోజులకు దొరికింది. ఆ ప్రామాణిక పట్టికలో 400 నానోమీటర్ల వరకు వరుసకూ వరుసకూ మధ్య ఎడం అర నానోమీటరు, అక్కడి నుంచి 1700 దాకా ఒక నానోమీటరు. నేను అన్ని వరుసలనూ సమానంగా కూడేసరికి 400 లోపలి కాంతి రెండింతలైంది. ఆ ఎడంతో గుణించి కూడితే 22.2కు దిగింది. 21.6కూ దీనికీ తేడా నూటికి మూడు లోపు. వేరే ఊరి ప్రయోగశాలలో కొలిచిన గీతకు, మా మిల్లు కప్పు మీది లేబుల్‌కు ఇంత దగ్గర బంధుత్వం కుదరడం చూసి ఆ సాయంత్రం మామయ్యకు ఫోను చేసి మరీ చెప్పాను. మొదట వాడిన కొత్త తరం రికార్డు సెల్ గీతను ఇదే పరీక్షకు పెడితే 30 చుట్టూ వచ్చింది. ముందే ఈ పరీక్ష చేసి ఉంటే ఆ రెండు రోజులు మిగిలేవి.

సెన్సర్ వక్రరేఖ కూడా కావాలన్న సంగతి చాలామంది మరిచిపోతారు. ప్యానెల్‌ను దేనితో పోలుస్తున్నామో దాని చూపు కూడా లెక్కలోకి రావాలి. ఇది త్వరగా దొరికింది. సెన్సర్ కాగితంలోనే చదవదగిన గ్రాఫు ఉంది. సిలికాన్‌కు నమూనా స్పందన పీవీలిబ్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీలో కూడా ఉంది. రెంటినీ పోల్చి చూసుకున్నాను.

ఇక మిగిలింది గుణుపురం ఎండ. రంగుల వారీగా ఎండను కొలిచే పరికరం మా దగ్గర లేదు. బర్డ్, రియోర్డన్ అనే పరిశోధకులు 1980లలో చేసిన మోడల్ పీవీలిబ్‌లో ఉంది. సూర్యుడి ఎత్తు, నీటి ఆవిరి, గాలిలోని ధూళి ఇస్తే మబ్బులేని ఆకాశపు వర్ణపటం లెక్కకట్టి ఇస్తుంది. నాలుగు అంగాలూ చేతికి వచ్చాయి: ప్రామాణిక ఎండ, మా ఎండ, సెన్సర్ చూపు, ప్యానెల్ చూపు. ఈ నాలుగింటినీ జత చేసి దిద్దుబాటు గుణకం కట్టే సూత్రం ఐఈసీ 60904-7లో ఉంది. సరిచూసుకోవడానికి లీ, పంచులా అనే పరిశోధకులు 2016లో ఇచ్చిన సూత్రం కూడా వాడాను. దానికి వక్రరేఖ అక్కర్లేదు, ఎండ దాటి వచ్చే గాలి మందం, నీటి ఆవిరి చాలు. కాడ్మియం టెల్యురైడ్ గుణకాన్ని సిలికాన్ గుణకంతో భాగిస్తే నా లెక్కకు దగ్గరగానే వచ్చింది.

ఇవన్నీ కాగితం మీద జరుగుతుండగా కప్పు మీద ఇంకో పని నడిపించాను. పక్కపక్కనున్న రెండు ప్యానెళ్లను గొలుసు నుంచి విడదీయించి విడిగా ఉంచాం. ఒక్క ప్యానెల్‌లోనే 90 వోల్టుల డీసీ ఉంటుంది, కాబట్టి ఎలక్ట్రీషియన్ లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒకదాన్ని, సెన్సర్‌నూ కొలిచే ముందు ప్రతిసారీ కడిగించాం. రెండోదాన్ని అలాగే వదిలేశాం. ఎండ పడే ఆదివారాల్లో పదకొండు నుంచి ఒంటిగంట లోపల రెండింటి షార్ట్ సర్క్యూట్ కరెంటూ, సెన్సర్ అంకే రాశాం. మా గుమాస్తా ఒడియా అంకెల్లోనే రాస్తాడు. 1936లో సరిహద్దు గీసినప్పుడు ఇటువైపు పడ్డ కుటుంబాలు మావి, మాట తెలుగు, రాత ఒడియా. పార్వతీపురం నుంచి వచ్చిన మా మేనల్లుడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ ఒడియా ఒకటిని తొమ్మిది అనుకున్నాడు. ఆగస్టు నెలంతా ప్యానెళ్లు విపరీతంగా వెలిగిపోయినట్టు గ్రాఫు వచ్చాక గాని పట్టుకోలేకపోయాం.

జనవరి చివరి ఆదివారం లెక్క తేలింది. ఆగస్టుతో పోలిస్తే కడిగిన ప్యానెల్, సెన్సర్ చూపించిన ఎండకు 3 శాతం తక్కువ ఇచ్చింది. రంగుల లెక్క ప్రకారం రెండున్నర శాతం తగ్గాలి. కడగని ప్యానెల్ 8 శాతం తక్కువ ఇచ్చింది. మామయ్య పట్టుకున్న తేడాలో మూడో వంతు నిజంగానే ఎండ వేరుగా ఉండడం వల్ల వచ్చింది. మిగతాది ఊక బూడిద. కొత్త ధాన్యం వచ్చాక మిల్లులో బాయిలరు రాత్రింబవళ్లు నడుస్తుంది, దాని పొగగొట్టం గోదాముకు పక్కనే. ఏటా సంక్రాంతి ముందు పడే ఆ సన్నటి బూడిదను వేలితో తీసి చూశాను, పొడి విభూతిలా ఉంది. ఇటువంటి దుమ్ము పరారుణం కంటే నీలాన్ని ఎక్కువ ఆపుతుంది, కాబట్టి సిలికాన్ కంటే మా రకం ప్యానెళ్లకే ఎక్కువ దెబ్బ.

ముసలితనం సంగతి కూడా అడిగాడు కదా. కడిగిన ప్యానెల్ కరెంటును రంగుల దిద్దుబాటుతో ప్రామాణిక ఎండకు మార్చితే 1.13 ఆంపియర్లు వచ్చింది. లేబుల్ మీద ఉన్నది 1.2. పన్నెండేళ్లు దాటాక ఆరు శాతం తగ్గుదల. ఇది కరెంటు ఒక్కటే. వోల్టేజీ వైపు ఎంత పోయిందో చూడడానికి కరెంటు-వోల్టేజీ వక్రం పూర్తిగా తీయాలి, అది వచ్చే వేసవి పని.

మామయ్య కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ప్యానెళ్లు మార్చక్కర్లేదు, గొట్టం జరపాలి" అన్నాడు. మర్నాడే మేస్త్రీని పిలిపించాడు. ఈలోగా తెల్లవారుజామున, గాజు చల్లగా ఉండగానే, వారానికి ఒకసారి కడగడం మొదలైంది.

ఆ 61 వరుసల పట్టికను ప్రింటు తీసి మిల్లులో అతికించాను. దాని కింద ఏ కాలపు సెల్, గాజు గుండా కొలిచిందా లేదా, ఎక్స్‌టర్నలా ఇంటర్నలా, గ్రాఫు నుంచి ఎలా చదివాను, కూడితే ఎంత వచ్చింది, లేబుల్‌తో ఎంత తేడా అన్నీ రాశాను. తెలుగులో ఒకసారి, గుమాస్తా కోసం ఒడియాలో ఒకసారి.